చంకలెత్తనీయని గౌను

సంక్రాంతి చలి చంకలెత్తనీయదని పెద్దలు చెప్పుచుండగా, గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన నేను, అది కేవలము అనుప్రాసమీది మోజుచే పుట్టిన మాట యనుకొంటిని. కాని మావారికి చింతపల్లికి బదిలీ యై, నర్సీపట్నము దాటి, ఘాటురోడ్డెక్కి, లంబసింగి మీదుగా ఆ యూరు చేరిన మొదటి పుష్యమాసముననే, ఆ సామెతను కట్టినది ఎవరో గాని, నావలెనే ఏ బదిలీ ఉద్యోగి భార్యయో అయి యుండునని నాకు దృఢముగా తోచినది. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న ఆ లంబసింగికి కొర్రబయలు అని మరియొక పేరు గలదు. బయలున నిలిచినవాడు కొర్రవలె కొయ్యబారునని దాని యర్థమట. నేను బయలున నిలువనే లేదు, వంటయింటిలోనే కొయ్యబారితిని.

చీరమీద స్వెట్టరు, స్వెట్టరుమీద శాలువ, కాళ్ళకు మావారి మేజోళ్ళు ధరించి అద్దమున చూచుకొనగా, ఎదుట నిలిచినది గృహిణియో, ప్రయాణమునకు కట్టిన పరుపుచుట్టయో నిర్ణయింపలేకపోతిని. అప్పుడు న్యూజెర్సీ నుండి మా మేనకోడలు తెచ్చి యిచ్చిన కాగితపు కత్తిరింపు నమూనా జ్ఞప్తికి వచ్చినది. అది పొడుగు చేతులు గల ఒక వదులు టాపునకు సంబంధించినది. దానినే మోకాళ్ళు దాటువరకు సాగదీసి, మందపాటి ఫ్లానెల్‌తో కుట్టినచో చక్కని చలిగౌను కాదా యని సంకల్పించితిని. సంకల్పములో నూలు ఖర్చు లేదు గదా!

మన దర్జీలకు ఇట్టి కాగితములతో పని లేదు. “ఆది జాకెట్టు ఇవ్వండమ్మా” అని యడిగి, దానిని పరచి, సుద్దముక్కతో గీచి, కత్తెర వేయుదురు. ఆది యనగా నిరుటి నేనే. ఏడాదిలో పెరిగిన భాగమును దర్జీ మర్యాదకొలది పైకి చెప్పక కుట్టులో కలుపును. కాగితపు నమూనా అట్లు కాదు. అది ఎన్నడును భూమిమీద నడువని ఒక సగటు స్త్రీ యొక్క ఆది. 1863లో అమెరికా దేశమున మాసచూసెట్స్ రాష్ట్రపు దర్జీ ఎబెనేజర్ బటరిక్, వేర్వేరు కొలతలలో ఇట్టి నమూనాలను కత్తిరించి అమ్మకమునకు పెట్టెను. ఆయన భార్య బిడ్డకు గళ్ళగుడ్డతో గౌను కుట్టబోయి విసిగి, సరియైన నమూనా ఉన్న బాగుండునని వాపోవుటయే దీనికి మూలమని ఒక కథ గలదు. అటుపిమ్మట విసుగు ప్రపంచములోని తక్కిన భార్యలకు పంచబడినది.

ఆ కాగితముమీద నడుముకడ రెండు సమాంతర రేఖలును, పొడిగింపవలసినను కుదింపవలసినను ఇచటనే యను సూచనయు నుండెను. అంగుళమో రెండంగుళములో సవరించుకొనుటకు ఏర్పడిన ఆ స్థానమున నేను ఏకముగా 18 అంగుళములు చేర్చితిని. పాత దుప్పటితో ముందు ఒక నకలు కుట్టి తొడిగి చూచుకొనవలెనను బుద్ధి ఏ పూర్వజన్మ సుకృతముచేతనో కలిగినది గాని, లేనిచో కొత్తగుడ్డ నాశనమయ్యెడిది. నడుముకడ చేర్చిన పొడవంతయు క్రింది వంపును ఇంకను క్రిందికి నెట్టుటచే, ప్రబంధకవులు సైతము ఎన్నడును తలపెట్టని సాహసమును చేసి, నితంబమును మోకాళ్ళకు దించితిని. మావారు పత్రికపైనుండి చూచి, “ఏమోయ్, నాకు బదిలీ అయిందంటే సరే, నీ నడుముకి కూడా అయిందా?” అనిరి.

నడుమును ముట్టక, టాపు అంచునుండి క్రిందికి గీతలు సాగించి, పోను పోను వెడల్పు చేయవలెనని అప్పుడు గ్రహించితిని. తుంటికొలతకు నాలుగంగుళముల వదులు చేర్చి, అందు నాలుగవ వంతును ముందువెనుకల ఒక్కొక్క సగభాగమునకు పంచవలెను. ఆ కొలత యెంతయో ఇచట ప్రకటించుట యనవసరము.

నర్సీపట్నములో గళ్ళ ఫ్లానెల్ నాలుగు మీటర్లు కొని, తడిపి ఆరవేయగా జానెడు క్రుంగినది. కుట్టిన పిదప క్రుంగినచో క్రుంగెడిది నేనే గదా యని సంతోషించితిని. ప్రక్క కుట్టుకడ గడికి గడి కలుపబోయి మరి అరమీటరు వ్యర్థమైనది. ఎడమప్రక్క కలిసినది, కుడిప్రక్క కలియలేదు. అత్తగారినాటి చేతిమిషనులో 11వ నంబరు సూది నాలుగు మడతల అంచుకడ ఫట్టున విరిగినది. 16వ నంబరు సూది తెప్పించుటకు మూడుదినములు పట్టినది. పుష్యమాసమునకు పూసగుచ్చ పొద్దుండదందురు. దారమెక్కించుటకు మాత్రము ఎక్కడి పొద్దు?

భోగినాటికి గౌను పూర్తియైనది. వెచ్చదనమా, దానిని వర్ణింప నలవి గాదు. లోన స్వెట్టరు తొడిగినను పట్టునట్లు అంతటను వదులు చేర్చితిని, ఒక్క చంకకడ తప్ప. పలుచని టాపునకు గీచిన చంకను అట్లే యుంచుటచే చేయి భుజమువరకే లేచుచుండెను. బలిమిని లేపినచో, టాపువలె బెత్తెడు లేచి ఊరకుండక, మోకాళ్ళవరకు గల సరంజామా అంతయు పైకి లేచి, క్రిందినుండి చింతపల్లి యంతయు లోపల ప్రవేశించుచుండెను.

చీమల భయముచే కాఫీపొడి డబ్బాను పై అరలో నుంచుట మాయింటి ఆచారము. కనుమనాటి ఉదయము, “ఏమండీ, ఆ డబ్బా కాస్త అందిస్తారా? చేయి లేవటం లేదు” అంటిని. అందించిరి. మరునాడు డబ్బాతోపాటు పంచదార, అటుపిమ్మట గ్లాసులు. నాలుగవనాడు ఇన్ని అందించుటకంటె కలుపుటయే సులభమని ఆయనకే తోచినది. మా తాతగారి లాల్చీ చంకలలో నలుచదరపు ముక్క యుండెడిది. అట్టి ముక్క వేసినచో చేయి సుఖముగా లేచునని నాకు తెలియకపోలేదు. మిగిలిన ఫ్లానెల్ పెట్టెలో నున్నది కూడను. అయినను, శివరాత్రికి చలి శివశివా యని పోవునప్పుడు తీరికగా చూచుకొనవచ్చునని ఊరకుంటిని.

మాఘమాసములో ఒకనాడు ప్రక్కవాటా అమ్మాయి వచ్చి, మావారు కాఫీ తెచ్చి యిచ్చి వెళ్ళువరకు మౌనముగా కూర్చుండి, పిదప నా గౌనువంక తదేకముగా చూచి అడిగినది.

“అక్కయ్యగారూ, ఈ గౌను ఒక్కసారి ఆదికి ఇస్తారా? చంక దగ్గర మాత్రం ఏమీ మార్పించను లెండి.”