ఏడో తేదీ శాలువా, పన్నెండో తేదీ శాలువా

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆగస్టు 12 లైబ్రేరియన్ల దినోత్సవం. మగ్గం దిగి కాలేజీ లైబ్రరీలో చేరాలనుకునే నేతన్నకు మనం ఇచ్చే పదోన్నతి ఇదే: శాలువా ఐదు రోజులు ఆలస్యంగా పడుతుంది. రెండు చోట్లా కప్పేది పవర్‌లూమ్ పాలిస్టరే కాబట్టి ఆ మేరకు అన్యాయం ఏమీ లేదు.

పోచంపల్లి, కొయ్యలగూడెం, చౌటుప్పల్ వైపు జనం దిగేది ఎల్బీనగర్ రింగురోడ్డులో. అలా దిగినవాడే మనవాడు. చిటికి కట్టడంలో ఆరితేరిన ఇంటి బిడ్డ. నేయకముందే, నూలు మీదే, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కతో బిగించి కట్టడాన్ని చిటికి అంటారు. ఏ పోగు ఎక్కడ తేలాలో ముందే లెక్క ఉండాలి. లెక్క తప్పితే చీర మీద ఏనుగుకు తొండం తోక దగ్గర మొలుస్తుంది. ఏ పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలంటారా? పీజీలో 55 శాతం, ఆపైన నెట్. అదీ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్ కుర్చీకి.

చదువు వద్దనడం లేదు. చదివాడు కూడా. పగలు మగ్గం గుంటలో కాళ్లు, రాత్రి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు. బీఎల్ఐఎస్సీ అయింది, ఎంఎల్ఐఎస్సీ అయింది. 2022 చివర్లో ఇంటర్, సాంకేతిక విద్యాశాఖలకు కలిపి రాష్ట్రం మొత్తానికి 71 లైబ్రేరియన్ పోస్టులు పడ్డాయి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. గల్లీకో కోచింగు, మెట్టుకో హాస్టలు. ఒక మేడ మీద ‘లైబ్రరీ’ అని బోర్డు కనిపిస్తే ప్రాణం లేచొచ్చి ఎక్కాడు.

“అన్నా, పుస్తకాలేవి?”

“ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలె తమ్మీ. మేం కుర్చీ, ఏసీ, చార్జింగ్ ఇస్తం.”

పుస్తకం లేని లైబ్రరీకి నెలనెలా అద్దె కట్టి, లైబ్రరీ నడపడం ఎలాగో చదివాడు. ఉద్యోగంలో ఎదురుకాబోయేది కూడా ఇదేనని అప్పటికి తెలియదు పాపం.

ఆగస్టు 12న పూలదండ పడే రంగనాథన్ గారి సంగతి చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల పంతులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయన్ని లైబ్రేరియన్‌గా పెట్టుకుంది. గ్రంథాలయ శిక్షణ సున్న. ఉద్యోగం ముందిచ్చి, నేర్చుకు రమ్మని తర్వాత లండన్ పంపారు. అక్కడ ఒక దుకాణంలో బోల్టులు, ఇనుప పట్టీలు బిగించి ఆడుకునే మెకానో బొమ్మ చూశాడు. ముక్కల్ని కూర్చి ఏ ఆకారమైనా తేవచ్చన్న ఆ ఆలోచన 1933లో పుస్తకాలకు కోలన్ వర్గీకరణగా అచ్చయింది. చేతిపని చూసి కళ్లు తెరిచిన మనిషి పేరు మీద పండగ, చేతిపని చేసే మనిషికి మాత్రం వేచి చూడమని జవాబు. ఆయనే ఇవాళ వస్తే “మ్యాథ్స్ వాళ్లకి పక్క కౌంటర్ సార్” అంటారు.

71లో మనవాడి నెంబరు లేదు. చివరికి ఒక ప్రైవేటు కాలేజీ పిలిచింది. లైబ్రేరియన్ అన్నారు. గది ఉంది, తాళం ఉంది. తనిఖీ బృందం వచ్చే ముందు రోజు ఆటోలో పుస్తకాలొస్తాయి, వెళ్లిన మర్నాడు అదే ఆటోలో పోతాయి. ఆ మూడు రోజులూ ఆయన లైబ్రేరియన్. మిగతా రోజుల్లో హాల్ టికెట్లు పంచుతాడు, ఫీజు బకాయిలకు ఫోన్లు చేస్తాడు. “నీకు చేతిపని వచ్చు కదా” అని ప్రిన్సిపాల్ గారు బ్యానర్లు కూడా కట్టిస్తారు. చిటికి ముడి కాబట్టి ఊడటం లేదట, అంతవరకు మెచ్చుకున్నారు.

మొన్న పన్నెండో తేదీన శాలువా కప్పారు. అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఫోటో తీసేవాడు “సార్, ఇటు నవ్వండి” అన్నాడు.

పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో గ్రంథాలయ శాస్త్రానిది 020, వస్త్ర పరిశ్రమది 677. రెండు అరలకూ అట్టముక్క మీద నెంబర్లు తనే అందంగా రాసి అంటించాడు. 020 ఖాళీ. 677లో గది తాళంచెవి ఉంటుంది.