లెగరా, బారెడు పొద్దెక్కింది (టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక

వ్యాఖ్యానానికి నోచుకోని గ్రంథాలు తెలుగులో చాలా ఉన్నాయి. వాటిలో అందరికీ వినిపించేదీ, ఎవరూ చివరిదాకా వినకుండా అటు తిరిగి పడుకునేదీ ఇప్పుడు చేపట్టిన మూలం. పరిమాణంలో నాలుగే వాక్యాలు. పారాయణ ఫలం ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. అయినా తెల్లవారితే తెలుగునాట ఏదో ఒక ఇంట్లో దీని పారాయణ జరగని రోజు లేదు.

కర్త ఎవరన్న చర్చకు తావులేదు. ఇది అపౌరుషేయం. వేదాలకు ఆ మాట ఎలా చెల్లుతుందో మీమాంసకులు చూసుకుంటారు. ఈ మూలానికి మాత్రం అక్షరాలా చెల్లుతుంది. ఏ ఇంట్లోనూ దీన్ని పురుషుడు రచించిన దాఖలా లేదు. తండ్రులు ప్రయోగించవలసి వచ్చినప్పుడు కూడా గుమ్మం దగ్గరే నిలబడి, 'మీ అమ్మ లేవమంటోంది' అని ప్రమాణం చూపించి తప్పుకుంటారు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య చేసిన కొలిచెలమ మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆయన మన మెదక్ సీమ కొల్చారం వాడే. కాని ఆయనకు దొరికినవన్నీ మెలకువగా ఉన్నవాళ్ళు రాసి, మెలకువగా ఉన్నవాళ్ళు చదివిన కావ్యాలు. దుప్పటి కింద, సగం నిద్రలో చెవినపడ్డ వాక్యానికి వ్యాఖ్య రాసేవాడికి ఆ నియమం గిట్టుబాటు కాదు. అందుచేత ఈ వ్యాఖ్యాత దానికి దూరం నుంచే నమస్కరిస్తున్నాడు.

మూలము

"ఒరేయ్, లెగరా! బారెడు పొద్దెక్కింది. రాత్రంతా ఆ ఫోను పట్టుక్కూర్చుంటే పొద్దున్నే మెలకువ ఎలా వస్తుంది? మీ నాన్న చూడు, నాలుగింటికే లేచి కూర్చున్నారు."

టీక

ఒరేయ్ = ఓ కుమారా (కోపం ఇంకా పూర్తిగా రాలేదని ధ్వని; వస్తే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వచ్చేది); లెగరా = నిద్రను విడువుము (మూడోసారి చెప్పడమని సందర్భాన్నిబట్టి గ్రహించేది); పొద్దు = సూర్యుడు; బారెడు = రెండు చేతులూ చాపినంత మేర; ఎక్కింది = పైకి వచ్చినాడు (తూర్పువైపు ఆరంతస్తుల అపార్టుమెంటు అడ్డమున్నను); రాత్రంతా = పదకొండు మొదలు ఒకటిన్నర వరకు; ఆ = పేరు చెప్పుటకు తగని; ఫోను = ఫోను; పట్టుక్కూర్చుంటే = పడుకుని చూచినచో; పొద్దున్నే = ఆరింటికి; మెలకువ = కళ్ళు తెరుచుట, తెరిచి మరల మూయకుండుట; ఎలా వస్తుంది = రాదని భావము; మీ నాన్న = నీ తండ్రి (మెచ్చుకోలు సందర్భము గనుక 'మీ నాన్న'; గీజర్ కట్టడం మరిచినపుడు 'ఈ మనిషి' అని వేరే పాఠము); నాలుగింటికే = నాలుగు గంటలకే (చివరి ఏత్వమందే నింద అంతయు గలదు); లేచి = లేచి; కూర్చున్నారు = కూర్చున్నారు.

తాత్పర్యము

లేవమని.

విశేషములు

'లెగరా' అన్నది ఉత్తరాంధ్ర పాఠం. కృష్ణా గుంటూరు ప్రతుల్లో 'లేరా' అనీ, తెలంగాణ ప్రతుల్లో 'లెవ్వురా' అనీ ఉంది. అర్థంలో తేడా లేదు, శ్రోత కదలికలోనూ తేడా లేదు.

బార అంటే నాలుగు మూరలు. దానితో తాడు కొలవవచ్చు, వల కొలవవచ్చు. సూర్యుణ్ణి ఎక్కడ మొదలుపెట్టి కొలిచారో మూలం చెప్పదు. పైగా ఈ వాక్యం వెలువడేసరికి గోడ గడియారంలో ఆరూ పదే అయింది. అతిశయోక్తి అని కొట్టిపారేసేవాళ్ళు దేశభేదం చూడలేదని మా అభిప్రాయం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురానికీ సంగారెడ్డి జిల్లా జహీరాబాదుకూ రేఖాంశంలో సుమారు 7 డిగ్రీల దూరం. ఇచ్ఛాపురంలో పొద్దు పొడిచాక దాదాపు అరగంటకు గాని జహీరాబాదులో పొడవదు. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. తూర్పున 82½ డిగ్రీల గీతను పట్టుకుని 1906లో దేశానికంతటికీ ఒకే కాలం ఖాయం చేశారు; కలకత్తా, బొంబాయి చాలా ఏళ్ళు మొరాయించి ఆ తరవాతే దారికొచ్చాయి. ఆ గీత మన కాకినాడ దగ్గరగా పోతుంది. కాబట్టి గడియారమూ సూర్యుడూ కలిసి లేపితే లేచే భాగ్యం కాకినాడ చుట్టుపక్కలవాళ్ళది. ఇచ్ఛాపురం తల్లి ఆరూ పదికి 'బారెడు' అంటే స్వభావోక్తి. జహీరాబాదు తల్లి అదే నిమిషాన అదే మాట అంటే కవిసమయం. మూలకర్త్రి పుట్టిల్లు టెక్కలి, కాపురం హైదరాబాదు. బారెడు అక్కడిది, పొద్దు ఇక్కడిది.

'ఫోను' ఇటీవలి పాఠం. అంతకుముందు ప్రతిలో 'ఆ టీవీ', ఇంకా ముందుది 'ఆ నవల', అన్నిటికంటే ప్రాచీనమైనది 'ఆ నాటకాలకి పోయి'. పెట్రోమాక్సు లైట్ల కింద హరిశ్చంద్రుడి కాటిసీను వన్స్‌మోర్లతో తెల్లవార్లూ సాగిన రోజుల్లో, మర్నాడు అరకదున్నుతూ కునికినవాడు ఇప్పటి శ్రోతకు తాతగారు. ఆయన్ని లేపిన వాక్యమూ ఇదే. వస్తువులు మారాయి గాని ముందున్న 'ఆ' ఎక్కడికీ పోలేదు.

'రాత్రంతా' అన్నచోట ధర్మసూక్ష్మం ఒకటుంది. మాఘ బహుళ చతుర్దశినాడు తెల్లవార్లూ మేలుకుంటే పుణ్యం. ఆ మేలుకున్నవాడు వైకుంఠపాళి ఆడినా, థియేటర్లో ఆట మీద ఆట చూసినా జాగరం జాగరమే, శివుడి లెక్కలో పడుతుంది. అమావాస్యనాడు అదే మనిషి, అదే సినిమా చూస్తే ఈ మూలానికి పాత్రుడవుతాడు. కనుక మేలుకోవడంలో పాపమూ లేదు, పుణ్యమూ లేదు. ఉన్నదంతా పంచాంగంలో ఉంది. తెల్లవారుజామున లేవడానికి మాత్రం ఏ తిథీ అక్కర్లేదు, ఏ రోజు లేచినా మెచ్చుకుంటారు. ఈ పక్షపాతానికి కారణం మా దృష్టిలో ఒకటే. పొద్దున్నే లేచినవాణ్ణి తరవాత లేచినవాళ్ళంతా చూస్తారు. రాత్రి ఆఖరున పడుకున్నవాణ్ణి చూడటానికి ఎవరూ మిగలరు.

ఇక 'మెలకువ ఎలా వస్తుంది?' కంఠస్వరాన్నిబట్టి ఇది ప్రశ్న కాదు, నిందే. అయినా శ్రోత దీన్ని ప్రశ్నగా తీసుకుని జవాబు చెప్పదలిచాడు. అతని పక్షం ఇది. 1971లో అమెరికాలో రొనాల్డ్ కొనొప్కా, సీమోర్ బెంజర్ అనే ఇద్దరు, మగ్గిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో మూడు వింత రకాలు చూపించారు. ఒక రకానికి రోజంటే దాదాపు 19 గంటలు. ఇంకోదానికి 28. మూడోదానికి పగలూ రాత్రీ లెక్కే లేదు. ఒకే జన్యువులో మార్పులవల్ల మూడూ అలా అయ్యాయి. ఆ జన్యువు నడకను ఛేదించినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్బాష్, మైకేల్ యంగ్ 2017లో నోబెల్ అందుకున్నారు. ఆ జన్యువు ఒక ప్రొటీన్ తయారుచేస్తుంది, రాత్రిపూట అది పోగుపడి, తనను పుట్టించిన జన్యువు నోరే మూయిస్తుంది, తరవాత కరిగిపోతుంది, జన్యువు మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ చుట్టు తిరగడానికి ఇంచుమించు ఒక రోజు. మనిషి కణాల్లోనూ ఇలాంటి గడియారమే ఉంది, దాని వేగం అందరికీ ఒకటి కాదు. పైగా వయసును బట్టి కదులుతుంది. పదమూడు పద్నాలుగేళ్ళ నుంచి నిద్రవేళ వెనక్కి వెనక్కి జరిగి, ఇరవై ప్రాంతంలో మలుపు తిరిగి, ఆపైన ఏటేటా ముందుకు వస్తుంది. కాబట్టి అబ్బాయి ఒకటిన్నరకు పడుకోవడం పొగరు కాదు, నాన్న నాలుగింటికి లేవడం తపస్సు కాదు, వయస్సు.

ఈ పక్షానికి ఒక కన్నం ఉందని ఒప్పుకోవాలి. కళ్ళెదుట వెలుతురు ఉన్నంతసేపూ, అందులోనూ నీలి వెలుతురు, ఒంట్లో నిద్రను పిలిచే మెలటోనిన్ ఊరడం ఆలస్యమవుతుంది. జన్యువు ఒంటిగంటకు పడుకోబెట్టాలనుకున్నా ఫోను ఇంకో అరగంట అడుగుతుంది. ఈ సంగతి నోబెల్ రాకముందే మూలకర్త్రికి తెలుసు.

'నాలుగింటికే' అన్నదాన్ని కొందరు బ్రాహ్మీముహూర్తానికి అన్వయిస్తారు. లెక్క కుదరదు. ముహూర్తం అంటే రెండు గడియలు, 48 నిమిషాలు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు మొదలై ఒక ముహూర్తం ముందు ముగిసేది బ్రాహ్మీముహూర్తం. హైదరాబాదులో మే నెలాఖరున సూర్యుడు ఆరుకు ఇరవై నిమిషాల ముందే వస్తాడు. అప్పుడు నాలుగు దాటగానే ఆ వేళ మొదలవుతుంది, సరే. జనవరి నడుమ ఆరూ యాభై దగ్గరికి గాని రాడు. అప్పుడు అది అయిదుంబావుకు మొదలవుతుంది. జనవరిలో నాలుగింటికి లేచి కూర్చున్నవాడికి దక్కేది బ్రాహ్మీముహూర్తం కాదు, చలి.

లేచిన వెంటనే ఆయన ఫోనులో సుప్రభాతం పెడతారు. (ఈ ఫోనుకు 'ఆ' అన్న విశేషణం లేదని పాఠకులు గమనించాలి.) 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన రికార్డే అది. ఇక్కడా చిన్న చిక్కుంది. తిరుమలలో మామూలు రోజుల్లో సుప్రభాత సేవ మూడు గంటల ప్రాంతంలోనే అయిపోతుంది. ఆయన నాలుగింటికి మేలుకొలుపు మొదలుపెట్టేసరికి స్వామి లేచి గంట. అంతకుముందు ఏకాంత సేవతో స్వామి శయనించింది అర్ధరాత్రి దాటాక, ఒకటిన్నర ప్రాంతంలో. రాత్రి ఆలస్యంగా పడుకునేవాళ్ళూ పొద్దున్నే లేచేవాళ్ళూ ఆయన్నే సాక్షిగా తెచ్చుకోవచ్చు. ఆయన ఇద్దరికీ అభయమే ఇస్తాడు.

'లేచి కూర్చున్నారు' దగ్గర మూలం మహా నిజాయితీగా ఉంది. లేచి ఏం చేశారో లేదు. లేచారు, కూర్చున్నారు, అక్కడితో క్రియాపదాలు అయిపోయాయి. మా పరిశీలనలో ఆయన పేపరు కోసం కూర్చుంటారు. ఆ పేపరు ఎలా వస్తుందన్నది వేరే కథ. పొరుగూళ్ళలో అచ్చయిన పేపరు రైలెక్కి మధ్యాహ్నానికి చేరితే మహాభాగ్యమనుకునే విశాఖపట్నంలో, 1974 ఆగస్టు 10న ఈనాడు మొదలై, తెల్లవారేసరికి గుమ్మంలో పడాలని పంతం పట్టింది. అప్పటినుంచి తెలుగునాట నాన్నలు లేవగానే పేపరు అందుకోవాలంటే, డెస్కులో సబ్ఎడిటర్లు అర్ధరాత్రి దాకా, ప్రెస్సులో మనుషులు ఆపైన, కట్టలు మోసే వ్యాన్లవాళ్ళు ఇంకా ఆపైన మేలుకోవలసి వచ్చింది. పాల ప్యాకెట్టు కథా అంతే. పొద్దున్నే లేచే సద్గుణానికి కావలసిన సరంజామా అంతా రాత్రి మేలుకునేవాళ్ళే తెచ్చి గుమ్మంలో పెడుతున్నారు. వాళ్ళు మధ్యాహ్నం పన్నెండింటికి నిద్రలేస్తే, ఆ వీధిలో ఎవరో ఒకరు ఈ మూలమే చదువుతారు.

ఇంతవరకు పూర్వవ్యాఖ్యాతలెవరూ పట్టించుకోని సంగతి ఒకటి చెప్పి ముగిస్తాం. ఈ మూలంలో ఇద్దరు మనుషుల నిద్రకు లెక్క ఉంది. కొడుకు ఒకటిన్నర దాకా ఫోను చూశాడని వక్త్రికి ఎలా తెలుసు? ఊహ అనడానికి లేదు. తలుపు సందులోంచి వెలుతురు ఎప్పుడు ఆరిందో నిమిషాలతో సహా చెప్పగలదు. ప్రత్యక్ష ప్రమాణం. భర్త నాలుగింటికి లేచారని ఎలా తెలుసు? ఆయన కూర్చునేసరికి ఎదురుగా కాఫీ ఉంది. కాఫీకి ముందు పాలు కాగాయి, పాలకు ముందు ఎవరో లేచారు. ఇదీ ప్రత్యక్షమే. రెండు కొసల్లోనూ సాక్షి ఒకరే అయినప్పుడు ఆ సాక్షి ఎప్పుడు పడుకుంది? ఒకటిన్నరకూ నాలుగుకూ మధ్య ఉన్నవి రెండున్నర గంటలు. తిరుమల స్వామికంటే ఒక గంట ఎక్కువే. కాని స్వామికి తొలి ఏకాదశి మొదలు కార్తిక శుద్ధ ఏకాదశి దాకా నాలుగు నెలల యోగనిద్ర అదనంగా ఉంది. ఈవిడకు అది కూడా లేదు. మూలమంతా వెతికినా 'నేను' అన్న మాట ఎక్కడా దొరకదు. గ్రంథపాతం అనుకుందామంటే అన్ని ఇళ్ళ ప్రతుల్లోనూ అదే చోట పోయింది.

దీనికి శ్రోత ఒక సమాధానం చెబుతాడు. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేలుకున్నాడు. ఆ నిద్రంతా ఇంట్లో ఊర్మిళ పోయింది. ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఉన్నదే ఆ కథ. అంటే ఒక ఇంటికి ఇంత నిద్ర అని ఉంటుంది. ఒకరు పోకపోతే వాళ్ళ వాటా ఇంకొకరు పోవాలి, లేకపోతే లెక్క తేలదు. ఈ ఊర్మిళా న్యాయాన్ని అనుసరించి, తాను ఆరూ పది దాటి పడుకున్న ప్రతి నిమిషమూ అమ్మ వాటాయేననీ, తన సొంతానికి ఏమీ వాడుకోవడం లేదనీ అతని వాదం. తర్కంలో దోషం పట్టడం కష్టం.

మూలకర్త్రి అందుబాటులోనే ఉండటం వ్యాఖ్యాతలకు అరుదుగా దొరికే సౌకర్యం. కనుక స్వయంగా అడిగాం: అమ్మా, నువ్వు రాత్రి ఎప్పుడు పడుకున్నావు?

"నా నిద్ర సంగతి తరవాత రాసుకుందువు గాని, ముందు లెగిసి ఆ పక్కగుడ్డలు మడతపెట్టు" అని సెలవైంది.

ఇది మూలానికి అయిదో వాక్యమా, వేరే గ్రంథానికి మొదటిదా అన్నది పరిష్కర్తలు తేల్చవలసి ఉంది.