చెప్పులు బయట, కంప్యూటర్ ఏసీలో

తణుకు వేల్పూరు రోడ్డులో టీ తాగుతున్న యాభై దాటిన పెద్దమనిషి దగ్గర కంప్యూటర్ మాటెత్తి చూడండి, కళ్లు చెమరుస్తాయి. "ఆ రోజులే వేరండీ!"

వేరే, కాదన్నదెవరు? చెప్పులు కంప్యూటర్ గది గుమ్మం బయట విప్పి, గర్భగుడిలోకి వెళ్లినట్టు వెళ్లేవారు. ఇంట్లో మామ్మగారికి విసనకర్ర, కంప్యూటర్‌కి ఏసీ. వైరస్ వచ్చిందంటే చంటిపిల్లల్ని ఆ గది ఛాయలకు రానిచ్చేవారు కాదు. నల్లతెర మీద డాస్ వెలిగిందా, అబ్బాయికి అమెరికా వీసా వచ్చేసినట్టే. సగం ఉత్తరం కొట్టేసరికి కరెంటు పోయేది. ఇక్కడ తెరుచుకున్న ఫ్లాపీ పక్కవీధిలో మొరాయించేది.

1984లో కేంద్రం క్లాస్ పథకం కింద బళ్లకిచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ మెమరీ 32 కేబీ. తర్వాత రాజ్యమేలిన ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. మన పెద్దమనిషి ఇవాళ సెల్లుతో తీసే మనవడి కేకు ఫొటో చాలాసార్లు అందులో పట్టనే పట్టదు. అది వాట్సాప్‌లో వెళ్లడం నాలుగు సెకన్లు ఆలస్యమైతే టవర్ని, కంపెనీని, ప్రభుత్వాన్ని కలిపి తిట్టేదీ ఈయనే. అప్పట్లో డాట్ మాట్రిక్స్ ప్రింటర్ ఒక్క కాగితానికి గరగరలాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డదీ ఈయనే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ డబ్బా ఏనాడూ ఓటీపీ అడగలేదు.

అయ్యా, అంత బెంగగా ఉంటే అటక మీద డబ్బా దింపండి. ఈ నెల కరెంటు బిల్లు డాస్‌లోనే కట్టండి. గడువు దాటితే జరిమానా మాత్రం మీదే!