కాటిసుంకం

2001లో ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ గాలి వీచినప్పుడు, తెనాలిలో క్యాషియరుగా ఉన్న మా బాబాయి అందరికంటే ముందు దరఖాస్తు పడేశాడు. ఇంటిల్లిపాదీ లబోదిబోమంటే ఆయన సమాధానం ఒకటే: "ఎన్టీ రామారావుగారు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగాన్ని మూడు వారాలకే వదిలేశారు. నేను ఇరవయ్యేళ్లు ఓపికపట్టాను. ఇంకేం కావాలి మీకు?"

ఆయనకు నాటకమంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి. అందులోనూ బలిజేపల్లివారి హరిశ్చంద్ర. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులుంటారు. వారణాసికొకరు, కాటికొకరు. కాటి సీను పేరున్నవాడికే ఇస్తారు. తెల్లవారుజామున కునికే జనాన్ని జాషువా పద్యాలతో లేపి కూర్చోబెట్టాలి, కన్నకొడుకు శవంతో వచ్చిన సొంత భార్యనే సుంకం కట్టమని నిలదీసి ఏడిపించాలి. బాబాయి గొంతా? సొంత మనిషి, ఏం చెప్పను! పద్యం పైస్థాయికి వెళ్లేసరికి ఆయన గొంతు ఒక శ్రుతిలో, హార్మోనియం మరో శ్రుతిలో ఉండేవి.

అయినా కాటి సీను ఆయనకే దక్కేది. శివరాత్రి తిరునాళ్లనీ, శ్రీరామనవమి పందిళ్లనీ పిలుపులు వస్తూనే ఉండేవి. నక్షత్రకుడి వేషం కట్టే కాంట్రాక్టరు ప్రతినెలా మొదటి వారంలో ఇంటికొచ్చేవాడు. బాబాయి మేడమీద సాధనలో ఉంటే కింద కాఫీ తాగి, తేదీలు పిన్నికి చెప్పి వెళ్లిపోయేవాడు. నాటకం అయ్యాక ఇచ్చిన కవరును బాబాయి విప్పకుండా తెచ్చి పిన్ని చేతిలో పెట్టేవాడు. "జీతం పోయిందని ఏడ్చారుగా, చూసుకో!" అనేవాడు. ఆవిడ కళ్లకద్దుకుని దేవుడి పటం దగ్గర ఉంచేది. పిన్ని హైస్కూల్లో లెక్కల టీచరు.

పెళ్లిళ్లలో కుర్రాళ్లు కనిపిస్తే బాబాయి వదిలేవాడు కాదు. "ఇష్టమైన పని చేయండిరా, డబ్బు దానంతటదే వెంటపడుతుంది. నన్ను చూడండి." ఆ మాట విని మా పెదనాన్నగారబ్బాయి సాఫ్ట్‌వేర్ మానేసి కెమెరా పట్టాడు. అదో పెద్ద కథ, ప్రస్తుతం మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాడు.

పిన్ని రిటైరైంది. స్కూల్లో శాలువాలూ పూలదండలూ అయ్యాక ఇంట్లో భోజనాలు పెట్టారు. పంక్తిలో కాంట్రాక్టరూ కూర్చున్నాడు. బాబాయి స్వయంగా బూరెలు వడ్డిస్తూ, నలుగురికీ వినపడేలా అడిగాడు.

"ఏమయ్యా, వచ్చే శివరాత్రికి మనవి ఎన్ని నాటకాలు?"

అతను తల కూడా ఎత్తకుండా, బూరెకు చిల్లుపెట్టి నెయ్యి పోయించుకుంటూ అన్నాడు:

"అమ్మగారి పింఛను ఎంతో తేలనివ్వండి గురువుగారూ, దాన్నిబట్టి చూద్దాం."