మూతికి కట్టుకున్న హిమాలయం

పొద్దున్నే అయిదున్నరకి హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద జనం ఇప్పుడు పరిగెత్తడం లేదు, బుసలు కొడుతున్నారు. మొహాలకి నల్లటి రబ్బరు మాస్కులు, వాటికి ముందొకటి, చెంపలకి చెరొకటి మూతలు. ఒక రకంగా బిగిస్తే మూడు వేల అడుగుల ఎత్తట, ఇంకో రకంగా బిగిస్తే తొమ్మిది వేలట, అన్నీ బిగిస్తే పద్దెనిమిది వేలట. అంటే ఎవరెస్టు బేస్ క్యాంపు కన్నా నాలుగు వందల అడుగులు పైన. పాపం టెన్సింగ్ నార్గే, అనవసరంగా అంత దూరం నడిచాడు.

ఆగస్టు మారథాన్ దగ్గరపడే కొద్దీ ఈ బుసలు పెరుగుతాయి. మాస్కు తీశాక చెంపల మీద ఎర్రటి గీత మిగులుతుంది కదా, ముందు దానికో ఫొటో. కింద ‘ఆల్టిట్యూడ్ డే’ అని రాత. ఫొటో తీసిన నగరం సముద్రమట్టానికి సగటున సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. నిన్నా అంతే, రేపూ అంతే.

కొండెక్కితే గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు. అక్కడా 20.9 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 2,400 మీటర్ల ఎత్తులో ఉన్న కెన్యా ఊరు ఇటెన్‌లో అది సముద్రమట్టపు ఒత్తిడిలో ముప్పావు వంతే. ఊపిరితిత్తుల్లోంచి ఆక్సిజన్‌ని రక్తంలోకి తోసే బలం ఆ మేరకు తగ్గుతుంది. రబ్బరు తొడుగు హైదరాబాద్ మీది వాతావరణ పీడనాన్ని తగ్గించగలిగితే తుపానుల శాఖ దాన్నే కొనుక్కునేది. అది చేసేదల్లా గాలి వచ్చే దారిని ఇరుకు చేయడం, వదిలిన గాలిలో కొంత మళ్ళీ పీల్పించడం. మొహానికి దిండు అదుముకున్నా అదే ఫలం, ఖర్చు ఉండదు.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం లాక్రాస్ పరిశోధకులు 2016లో ఈ ముచ్చటా తీర్చారు. ఆరు వారాలు కొందరి చేత మాస్కుతో, కొందరి చేత మాస్కు లేకుండా సైకిలు తొక్కించి రక్తం చూశారు. మాస్కు వల్ల హిమోగ్లోబిన్ పెరగలేదు. ఊపిరి కండరాలకి కాస్త కసరత్తు, అంతే.

పెరగదు కూడా. ఆక్సిజన్ తగ్గిందని మూత్రపిండాలు గుర్తించాలి, ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్‌ని విడుదల చేయాలి, ఎముక మజ్జ కొత్త ఎర్ర రక్తకణాల్ని తయారు చేయాలి. (కణాలు ఆ లోటును ఎలా పసిగడతాయో తేల్చినందుకే 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు.) రోజులో సగానికి పైగా, మూడు నాలుగు వారాలు ఆ ఎత్తులోనే తిని, పడుకుని, బతికితే జరిగే పని ఇది. ముప్పావుగంట బుసకొట్టి, ఇంటికొచ్చి ఏసీలో పడుకునేవాడి మూత్రపిండాలకి కబురైనా అందదు.

వారాంతపు అరకు ‘ఆల్టిట్యూడ్ క్యాంపు’ సంగతి వేరే చెప్పాలా? అరకు ఎత్తు 900 మీటర్లు. కాఫీ బాగుంటుంది.

అసలైన ఎత్తు ఏం చేస్తుందో 1968 ఒలింపిక్స్‌లో మెక్సికో నగరం లోకానికి చూపించింది. ఎత్తు 2,240 మీటర్లు, మన ఊటీ అంత. ప్రపంచ రికార్డుల వీరుడు రాన్ క్లార్క్ పదివేల మీటర్ల పరుగు ముగించి ట్రాక్ మీదే స్పృహ తప్పాడు. గెలిచింది కెన్యా ఎత్తుల్లో పెరిగిన నఫ్తాలీ టెము. ఆ ఎత్తులో వేగంగా సాధన చేయడమూ కష్టమే. అందుకే పరిశోధకులు లెవైన్, స్ట్రే-గండర్సన్ 1997లో రన్నర్లని 2,500 మీటర్ల దగ్గర ఉంచి, 1,250 దగ్గర పరిగెత్తించారు. నాలుగు వారాల తర్వాత వాళ్ళ అయిదు వేల మీటర్ల టైము సగటున 13 సెకన్ల పైచిలుకు తగ్గింది. అదీ అందరికీ కాదు. కొందరి రక్తం ఉలకలేదు, పలకలేదు.

ఉలకని రక్తానికి ఒక కారణం ఇనుము లేకపోవడం. కొత్త కణానికి హిమోగ్లోబిన్ కావాలి, దానికి ఇనుము కావాలి. నిల్వ లేని ఒంటిని ఏ శిఖరం మీద కూర్చోబెట్టినా ప్రయోజనం సున్నా. అందుకే తెలిసిన కోచ్‌లు క్యాంపుకి ముందు ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తారు.

మరి మన దగ్గర? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. జిల్లా గ్రౌండులో నాలుగో రౌండుకే ఆయాసపడి నడుం పట్టుకుని నిలబడ్డ పిల్లని ‘బద్ధకం’ అని తిట్టే కోచ్ ఉన్నాడు. ఆ పిల్ల కంటి కింది రెప్ప లాగి, అది తెల్లగా పాలిపోయిందని చూసే నాథుడు లేడు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి విసిరేస్తే అడిగేవాడు లేడు. మింగిన పిల్ల వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదని చెప్పేవాడూ లేడు. ఆమె నెత్తురుకి దిక్కు లేదు గానీ, నగరంలో నెత్తురు నిండుగా ఉన్నవాడికి ఇంకాస్త నెత్తురు కావాలి, అదీ రబ్బరుతో! సిగ్గుండాలి.

ఇంకో మాట, కెన్యా రన్నర్ల బొమ్మలు వేసి సరుకు అమ్మేవాళ్ళు ఎన్నడూ చెప్పనిది. బోస్టన్, షికాగో మారథాన్ల విజేత రీటా జెప్టూ, ఒలింపిక్ చాంపియన్ అస్బెల్ కిప్రోప్ ఆ ఎత్తుల్లో పుట్టి పెరిగినవాళ్ళే. ఇద్దరూ ఎరిత్రోపోయెటిన్ వాడారని తేలి నిషేధానికి గురయ్యారు. నిజమైన ఎత్తే చాలక సూదులు గుచ్చుకున్న లోకంలో మనవాళ్ళు ప్లాస్టిక్ మూత తిప్పుకుంటున్నారు.

ఈసారి మారథాన్ కిట్లు పంచే చోట, ప్రోటీన్ బిస్కెట్ల స్టాలుకీ మాస్కుల స్టాలుకీ మధ్య ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ని కూర్చోబెట్టమనండి. వేలి మీద సూది గుచ్చి, హిమోగ్లోబిన్ ఎంతో చీటీ రాసిస్తాడు. కాకపోతే ఆ చీటీతో సెల్ఫీ అంత బాగా రాదు.