రెండో ఫిలిం

రొమ్ము క్యాన్సర్‌కు ఒకప్పుడు చేసే ఆపరేషన్ రాడికల్ మాస్టెక్టమీ. రొమ్ముతో పాటు దాని కిందనున్న ఛాతీ కండరాలూ, చంకలోని లింఫు గ్రంథులూ అన్నీ తీసేసేవారు. విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ 19వ శతాబ్దం చివర్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి 1970ల దాకా నడిచింది. ప్రాణం దక్కిందే పదివేలనుకుని, లేవని చేత్తోనే సర్దుకుపోయిన ఆడవాళ్లు ఎందరో.

ఈవ్ జెంట్రీకి ఆ ఆపరేషనే అయింది. ఆమె నర్తకి. హన్యా హోమ్ బృందంలో ఆధునిక నృత్యం చేసింది. పాటకు స్వరాలు రాసినట్టు ఒంటి కదలికను గుర్తులతో కాగితం మీద పెట్టే విద్య కూడా తెలిసినది. 1940లో న్యూయార్క్‌లో డాన్స్ నొటేషన్ బ్యూరో స్థాపించినవారిలో ఆమె ఒకరు. అలాంటి మనిషికి చెయ్యి లేవకుండా పోయింది.

ఆమె గురువు జోసెఫ్ పిలాటీస్. 1883లో జర్మనీలో పుట్టి, చిన్నతనమంతా ఉబ్బసంతో తీసుకున్నవాడు. న్యూయార్క్ ఎయిత్ ఎవెన్యూలో తన సహచరి క్లారాతో కలిసి వ్యాయామశాల నడిపేవాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ; లోకం దాన్ని ఆయన పేరుతోనే పిలాటీస్ అంటోంది.

ఆ ఆపరేషన్ తర్వాత లేవకుండా పోయిన చేతిని ‘పైకెత్తు’ అంటే ఏమవుతుందో చూడాలి. మామూలుగా మనం చెయ్యి నిటారుగా ఎత్తినప్పుడు అందులో దాదాపు మూడో వంతు వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చేదే. కోత పడ్డచోట చర్మం బిగుసుకుని భుజాన్ని ముందుకు గుంజుతుంటే, నొప్పికి జడిసి మనిషి ముడుచుకుపోయి ఉంటే, ఆ ఎముక జారడానికి చోటుండదు. ఎత్తమనగానే భుజం చెవి దాకా పోతుంది, నడుం వంకర తిరుగుతుంది, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలాగే వందసార్లు చేయిస్తే ఒళ్లు ఆ వంకరనే వందసార్లు వల్లె వేస్తుంది. పిలాటీస్ నేర్పేవాళ్లు చాలామంది తొందరపడేది ఇక్కడే. భంగిమ చూపించేసి, అంకెలు లెక్కపెడుతూ ‘ఇంకా, ఇంకా’ అంటారు. ముందు ఊపిరి కుదరాలి, పక్కటెముకలు విచ్చుకోవడం మనిషికి తెలియాలి. వెల్లకిలా పడుకోబెట్టి చేతి బరువంతా చాపకు వదిలేయమనాలి. రెక్క ఎముక చాప మీద జారుతున్న స్పర్శ ఒక్కసారి వీపుకు అందిందా, నిన్న ఆగినచోటి కంటే రెండు వేళ్ల ఎత్తు పైకి చెయ్యి తనంతట తానే లేస్తుంది. గురువు పని అంతవరకే. మిగతాది ఒళ్లు చూసుకుంటుంది.

తర్వాతి కాలంలో శాంటా ఫేలో స్థిరపడ్డాక ఈవ్ జెంట్రీ తన శిష్యులకు ముందుగా నేర్పింది ఇలాంటివే: శ్వాస, వెన్నుపూసలను ఒక్కొక్కటిగా చాపకు ఆనించడం, కటిని మెల్లగా ఊపడం. ఇప్పుడు వీటిని ప్రీ-పిలాటీస్ అంటున్నారు. ఆ చిన్న కదలికల విలువ ఆమెకు సొంత ఒంటి మీదే తెలిసొచ్చిందని నా గట్టి నమ్మకం.

ఆపరేషనయ్యాక గురువు దగ్గర సాధన చేస్తూ, ఏడాది తిరిగేసరికి ఆమె పిలాటీస్ వ్యాయామాలు పూర్తిగా చెయ్యగలిగింది. పోయిన కండరాలు తిరిగి రావు. ఉన్న కండరాలే వాటి పని పంచుకోవడం నేర్చుకున్నాయి. పిలాటీస్ సంబరం అంతా ఇంతా కాదు. వైద్యలోకం తన పద్ధతిని గుర్తించాలని ఆయన జీవితమంతా తపించినవాడు. లియోటార్డ్ వేసుకుని ఆమె చేస్తున్న వ్యాయామాలను ఫిలిం తీయించి డాక్టర్లకు చూపించాడు. అదే ఆపరేషనైన ఆడవాళ్లు వాళ్ల వార్డుల్లో ఇంకా ఎంతమందో. ఈ చేతికి ఏం నేర్పారు, ఎలా నేర్పారు అని అడగాల్సిన సమయం.

డాక్టర్లు ఫిలిం చూశారు. ఈమెకు అసలు ఆ ఆపరేషనే జరగలేదని తేల్చారు.

అందుకని రెండో ఫిలిం తీయాల్సి వచ్చింది. అవే వ్యాయామాలు మళ్లీ చేసింది ఈవ్ జెంట్రీ, ఈసారి నడుము పైన నూలుపోగు లేకుండా, డాక్టర్లకు కోత మచ్చ కనబడేలా.