బేస్‌మెంట్‌లో నా కాపురం

నాకు బ్యాటరీ లేదు, లైటు లేదు, కూత పెట్టడం అసలే రాదు. చిన్న డబ్బీలో కూర్చున్న గోరంత ప్లాస్టిక్ ముక్కను. పేరు సీఆర్-39. నా చుట్టాలు కళ్లజోడు అద్దాలై వెలిగిపోతుంటే, నాకు మాత్రం రాడాన్‌ను లెక్కపెట్టే పని దక్కింది.

ఉత్తర న్యూజెర్సీలో ఓ తెలుగువారి ఇంటి బేస్‌మెంట్‌లో నన్ను అల్మారా మీద పెట్టారు. ఒక పక్క హోమ్ థియేటర్, ఇంకో పక్క మంచం. ఆ మంచం నల్గొండ నుంచి వచ్చిన పెద్దాయనది.

"ఏందిరా ఈ డబ్బ? బొద్దింకల మందా?"

"కాదు నాయినా, ఇంట్ల రాడాన్ ఎంతుందో చూసేది. ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తదట."

"జిందగీల సిగరెట్ ముట్టలే. నాకేమైతది?"

పెద్దాయన మాటలో సగమే నిజం. పొగ తాగేవారికి రాడాన్ తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ అమెరికాలో రాడాన్ వల్ల ఏటా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయేవారు సుమారు 21,000 మంది అని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. అందులో దాదాపు 2,900 మంది ఎన్నడూ పొగ తాగనివారే.

రాతిలో, మట్టిలో ఉన్న యురేనియం క్షీణించి క్షీణించి రేడియం అవుతుంది, రేడియం రాడాన్ అవుతుంది. రంగూ వాసనా లేని వాయువు. పెద్దాయన సొంత జిల్లాలోనూ లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం నిక్షేపాలున్నాయి. అయితే తలుపులు బార్లా తీసి ఉంచే ఇంట్లో రాడాన్ నిలవదు. ఇక్కడ చలికాలం కిటికీలన్నీ మూసేస్తారు. వేడిగాలి పైకి పోతుంటే ఇల్లు కింది మట్టిలోని గాలిని నేల పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. రాడాన్‌లోంచి పుట్టే పొలోనియం ఊపిరితిత్తుల్లో అంటుకుని ఆల్ఫా కణాలు విసురుతుంది. కాగితాన్నయినా దాటలేని ఆ కణం, శ్వాసనాళం లోపలి పలుచటి పొరలో జీవకణాల డీఎన్‌ఏను తెంపగలదు.

ఇళ్లలో రాడాన్ ముప్పు సంగతి జనానికి గట్టిగా తెలిసింది 1984లో జరిగిన ఓ ఘటనతో. పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు వస్తే అలారాలు మోగాయి. ప్లాంటు ఇంకా కరెంటు తీయడమే మొదలుపెట్టలేదు! ఆయన ఒంటికంటిన రేడియోధార్మికత ఇంటి నుంచి తెచ్చుకున్నది. ఆ ఇంట్లో లీటరు గాలికి 2,700 పికోక్యూరీల దాకా రాడాన్ ఉంది. అమెరికాలో 4 ఉంటేనే బాగుచేయించుకోమంటారు.

నా మీద పడిన ప్రతి ఆల్ఫా కణం ఒక గాటు పెట్టింది. నెలలు గడిచాక నన్ను ల్యాబుకు పంపారు. వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లో ముంచితే గాట్లు గుంటలై తేలాయి, సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టారు. రాడాన్ ఆ 4కు దాదాపు రెండింతలు ఉందని తేలింది. నా కాపురం అక్కడితో సరి.

ఆ ఇంట్లో తర్వాత ఏం చేశారో నాకు కబురు రాలేదు. మందు మాత్రం తెలిసిందే: నేల కిందికి ఒక గొట్టం దించి, ఫ్యాను బిగించి, ఆ గాలిని ఇంటి కప్పు పైకి వదిలేయడం. మీ బేస్‌మెంట్‌లో అమ్మానాన్నలకు పక్క వేసేముందు నాలాంటి డబ్బీ ఒకటి కొని పెట్టండి. ధర పెద్దదేం కాదు.